తెర వెనక ఢాం

మామా, నీ ఆత్మశాంతికి భంగం కలిగిస్తున్నందుకు సాష్టాంగపడి క్షమాపణలు. మన నాటకాల కోసం నువ్వు చెక్కిన చెక్క రివాల్వర్‌కు రిటైర్మెంట్ ఇచ్చేశాం. తుపాకిమందు కూరే రివాల్వర్‌ను తూటాలు పట్టేలా మార్చిన పాతకాలపు మోడల్ ఫొటో ఒకటి జేబులో పెట్టుకుని తిరిగేవాడివి కదా, దాని ఇనుప నకలు తెప్పించాం. పేలదు గానీ, తూటాల చక్రం భలే తిరుగుతుంది.

నీ సంవత్సరీకం నాడే హనుమకొండలో నాటకం. హీరో ట్రిగ్గర్ నొక్కాడు. చప్పుడు లేదు. తెర వెనక ‘ఢాం’ అనడానికి నువ్వు లేవన్న సంగతి అందరం మరిచిపోయాం. విలన్ గుండె పట్టుకుని, “జర జల్ది సంపుండ్రి, కాళ్లు గుంజుతున్నయ్” అని గొణిగాడు.

ఒప్పుకుంటున్నాను మామా, నీ చోట నిలబడి ‘ఢాం’ అన్నది నేనే. విలన్ ఒక్కదానికే పడిపోయాడు. అయినా నీ పేరున ఇంకోసారి అన్నాను.