రాళ్లవాన పాఠం

పెద్దబాపూ, నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం దండం పెట్టి మొదలుపెట్టడానికి నాకు చేతులు రావడం లేదు.

నా చిన్నప్పుడు ఒక ఎండకాలం రాళ్లవానకు మన గొర్రెలు చచ్చిపోతే, నీ తమ్ముడు పోయి విధవైన మా అమ్మ మంద వెంట వచ్చినందుకే అన్నావు. "నువ్వు అడుగుపెట్టినకాడ మంచిగుండదు. ఇల్లిడిసి పో" అని మమ్మల్ని వెళ్లగొట్టావు. అమ్మ ఆలేరులో కూలి చేసి నన్ను చదివించింది.

ఇప్పుడు ఇక్కడే బడిలో పంతులమ్మను. ఇవాళ పిల్లలకు వాన పాఠం చెప్పాను. చెరువు నీళ్లు ఎండకు ఆవిరై పైకి పోతాయి. అక్కడ చల్లబడి, సన్నటి చుక్కలై మబ్బవుతాయి. చుక్కలు కలిసి బరువెక్కితే వాన. చలిదేశాల్లో ఆ ఆవిరే మంచురేకులై రాలుతుంది. మబ్బులోని గాలి చుక్కల్ని ఇంకా పైకి ఎగదోస్తే అవి గడ్డకట్టి, పొర మీద పొర పేరుకుని, గాలి మోయలేనప్పుడు రాళ్లై పడతాయి.

ఈ మధ్యే బడిలో చేరిన నీ మనవరాలు లేచింది. "గట్లయితే రాళ్లవాన ఎవరి పాపం, టీచరమ్మా?"

"ఎవరిదీ కాదు బిడ్డా."

"మా తాత చిన్నవ్వ పాపమనేటోడు."

సాయంత్రం దాన్ని ఇంటికి తీసుకుపోయి, మా అమ్మను చూపించి, ఆ చిన్నవ్వ ఈమేనని చెప్పాను. అమ్మ దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని జొన్నరొట్టె పెట్టింది, అందరి బాగోగులూ అడిగింది. నీ మాట మాత్రం ఎత్తలేదు.