ఏటవతలి పేటకు ఒకే దారి

మార్చి 3

ఇంటర్నెట్‌కు మ్యాప్ గీయడం నా ఉద్యోగం. ఊరంతా వాలంటీర్ల ఇళ్లలో ప్రోబ్‌లనే అగ్గిపెట్టెంత పరికరాలు పెట్టాం. మా సర్వర్ వాటిని పలకరిస్తుంది, అవి పలుకుతాయి. ఆ పలుకు ఏయే రూటర్ల మీదుగా వచ్చిందో చూసి గీత గీస్తాను. ఏటవతలి పేటలో పిన్నివాళ్లింట్లోనూ ఒకటుంది. బాబాయి దాన్ని ఇల్లరికపుటల్లుడు అంటాడు. కరెంటు తిని కూర్చుంటుందట.

ఈ రోజు ఆ పేట గీతలు తేడాగా ఉన్నాయి. సాలెగూడులా అల్లుకుని ఉండేవి. కొన్ని దారులు లేవు.

మార్చి 5

ఇంకో దారి పోయింది.

మార్చి 8

కేబుల్ తెగితే గీతలు చెల్లాచెదురవుతాయి. ఇవి అలా లేవు. పశువులన్నిటినీ ఒకే గుంజకు కట్టినట్టు, ఒక్కొక్క దారినీ తెచ్చి ఒకే గేట్‌వేకి కలిపారు. ఇక దాన్నొక్కదాన్నీ ఆపితే చాలు, పేటంతా మూగబోతుంది.

మా ల్యాబ్ నడిపే ప్రొఫెసర్‌గారికి చూపించాను. మెయింటెనెన్స్ అయ్యుంటుందిలే అన్నారు. అంటూనే లేచి గది తలుపు వేశారు. ఇది ఎవరికీ మెయిల్ చెయ్యకమ్మా అన్నారు.

మార్చి 9

పిన్నికి ఫోన్ చేసి, ఇద్దరూ నాలుగు రోజులు మా ఇంటికొచ్చి ఉండమన్నాను. నెట్ దారులు తగ్గిపోతున్నాయన్నాను. మంచిదేగా, మీ బాబాయి కాస్త నా మొహం చూస్తాడు అని నవ్వింది. ఏం చెప్పాలో తోచక జ్వరమని అబద్ధమాడాను. సాయంత్రానికి వచ్చేసింది, ఒక్కతే. జ్వరానికి ఇద్దరెందుకు, షాపు కట్టేసి ఆదివారం వస్తానన్నాడట బాబాయి.

వంతెన పక్కన టార్పాలిన్లు కప్పిన లారీలు బారులు తీరి ఉన్నాయని కూడా చెప్పింది.

మార్చి 11

పొద్దున్నే మ్యాప్‌లో పేటంతా ఒకేసారి ఆరిపోయింది. ఫోన్లూ అంతే. వంతెన మూసేశారు.

పిన్ని బాబాయి నంబరు నొక్కుతూనే ఉంది. మధ్యలో ఏమనుకుందో, వచ్చి నా నుదురు పట్టుకు చూసింది. నీకు జ్వరం లేదు కదే అంది. ముందే తెలుసా అంది. తెలిసీ ఆయన్నెందుకు వదిలేశావే అంది.

మార్చి 14

ఏటవతల పొగ.

మార్చి 16

ప్రొఫెసర్‌గారు రిపోర్టు అడిగారు. పలకని చోట్లు మ్యాప్‌లో వద్దన్నారు. డేటా లేకపోతే లేనట్టేనమ్మా అన్నారు. తీసేశాను. మ్యాప్ చాలా శుభ్రంగా వచ్చింది.

మార్చి 17

పిన్ని నా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, మా ఇల్లెక్కడే అంది. ఖాళీలో వేలు పెట్టి చూపించాను. అక్కడ అరచెయ్యి ఆనించి, వెచ్చగానే ఉందే అంది.