ఎనిమిది గోడల ఇంటికి కంచు ఫలకం

గ్రేవ్స్ ల్యాండింగ్, సెప్టెంబరు 3, 1958

శ్రీమతి కార్డీలియా స్ట్రౌడ్ గారికి,

ఒహైయో నది ఒడ్డున మీ ముత్తాత ఎజ్రా గారు 1856లో కట్టిన ఎనిమిది గోడల ఇంటికి మా చరిత్ర సంఘం కంచు ఫలకం బిగించబోతోంది. బానిసత్వం చెల్లే అవతలి ఒడ్డు నుంచి పారిపోయి వచ్చిన బానిసలను ఆయన మీ నేలమాళిగ సొరంగంలో దాచారని మా తీర్మానం. ఇకపై ఇంట్లో మేకు కొట్టాలన్నా మా అనుమతి కావాలి.

భవదీయుడు,
విన్‌స్లో పర్డీ, కార్యదర్శి

తా.క. రుజువులు వెతుకుతున్నాం. ఫలకం మాత్రం పోత పోయించేశాం.

*

పర్డీ గారూ,

అది సొరంగం కాదు. నది గడ్డకట్టినప్పుడు మంచు కోసి లోపలికి జార్చుకునే కంత. ఎజ్రా తాత మంచు వ్యాపారి. ఎవర్నీ దాచలేదు. నా గోడు వేరు. కప్పు కారుతోంది. చలికాలం రాకముందే రేకులు వేయించుకోవాలి. ఆ అనుమతి ఇప్పించండి, చాలు.

ఇట్లు,
కార్డీలియా

తా.క. ఎనిమిది గోడలుంటే ఆరోగ్యమని ఏదో పుస్తకంలో చదివి కట్టాడట. గదులన్నీ కోసిన కేకు ముక్కలు. మంచం వేస్తే తలుపు పడదు.

*

అమ్మా,

మీ వినయానికి సభ్యులు కంటతడి పెట్టారు. దాచినవాళ్లు ఏనాడూ చెప్పుకోరు. మీరు కాదంటున్నారంటే అంతకన్నా రుజువేం కావాలి! రేకులు కుదరవు. ఆనాటి దేవదారు పలకలే వేయించాలి.

సదా మీ అభిమాని,
పర్డీ

తా.క. ఎందరిని దాచారో వేయడానికి ఫలకంలో ఖాళీ వదిలాం. ఎంత వేయమంటారు?

*

పర్డీ గారూ,

సున్నా వేయండి. గొడుగు కింద కూర్చుని రాస్తున్నాను, ఇక దాపరికం దేనికి? లెటీ అనే బానిస పిల్ల చెల్లెలితో నది దాటొచ్చి మా అరుగెక్కి మంచినీళ్లడిగింది. తాత ఆమెను కూర్చోబెట్టి, పారిపోయినవాళ్లను పట్టి వెనక్కి పంపే షరీఫుకు కబురు పెట్టాడు. లెటీ చెల్లెలు మాత్రం తప్పించుకుంది. నల్లవారి చర్చి పాస్టరు ఏంబ్రోస్ గారు ఆ చెల్లెలి మునిమనవడే. మీ వీధిలోనే ఉంటారు. ఒక్కసారైనా అడిగారా?

విసిగిపోయిన
కార్డీలియా

తా.క. సొరంగం కొలుస్తానని వచ్చిన మీ కోశాధికారి కంతలో ఇరుక్కున్నాడు. పందికొవ్వు పూసి లాగాం.

*

శ్రీమతి స్ట్రౌడ్,

మీ ఇల్లు మన ఊరికే మచ్చ. అది చారిత్రకం కాదని ఏకగ్రీవంగా తీర్మానించాం. రేకులే వేసుకుంటారో, గడ్డే కప్పుకుంటారో మీ ఇష్టం. అయితే ఆ షరీఫు పేరు కూడా బయటపెట్టండి. సగం చరిత్ర చెప్పడం మా పద్ధతి కాదు.

పర్డీ

తా.క. అదృష్టవశాత్తు మా ఇంటి నేలమాళిగలోనూ సొరంగం బయటపడింది. ఫలకం అక్కడికి మారుస్తున్నాం.

*

పర్డీ గారూ,

రేకులు పడ్డాయి. నిన్న వాన చప్పుడు పొడి పక్కమీద పడుకుని విన్నాను. మీ సొరంగాన్ని మా ప్లంబరు చూశాడట, పాత మరుగుదొడ్డి కాలువంటున్నాడు. ఫలకం కాస్త ఎత్తుగా బిగించుకోండి. ఏంబ్రోస్ గారి చర్చివాళ్లు మా అరుగు మీద చెక్క బోర్డు పెట్టారు: "లెటీని ఇక్కడే పట్టిచ్చారు." కింద మా తాత పేరు. మేకులు నేనే కొట్టాను.

సెలవు,
కార్డీలియా

తా.క. మీరు కోరినట్టే షరీఫు పేరు కూడా చేర్పించాం. పాస్టరు గారి ఇంట్లో ఆ పేరు ఎవరూ మరిచిపోలేదు. జోసయా పర్డీ. అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో, మునిమనవడు కదా, ఒకసారి వచ్చి చూసుకోండి.