ఎడ్లకు నేర్పిన దారి

బంగారమ్మపేట,
గజపతినగరం పోస్టు,
24-11-1968, ఆదివారం.

చిరంజీవి తమ్ముడు లక్ష్ముడికి,

అప్ప చిన్నతల్లి దీవించి రాసేది. నువ్వు, మరదలు తాయారు, పాప అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా క్షేమమని రాయమంటున్నారు మీ బావ. రాశాను. ఆయన గడప మీద కూర్చుని, రాసిన ప్రతి ముక్కా పైకి చదవమంటున్నారు. చేతిరాత చదవడం ఆయనకి రాదు కదా, అందుకే నా మీద ఈ కాపలా.

నీ ఉత్తరం మొన్న అందింది. ఖర్గపూర్ వర్క్‌షాపులో పని మీద విసుగొచ్చింది, రాజీనామా ఇచ్చేసి ఊరొచ్చి బావతో పాటు హోటల్లో కలుస్తాను, నెలాఖరులోగా ఒక మాట చెప్పండి అని రాశావు. బావ మాటిచ్చిన సంగతి కూడా గుర్తు చేశావు. నిజమే, మా పెళ్లి పందిట్లో నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, 'ఒరే బావమరిదీ, ఈ హోటలు నా ఒక్కడిదీ కాదు, మనిద్దరిదీని' అన్నారు. ఆ మాట ఆయన ఈరోజుకీ మరిచిపోలేదు. కానీ తమ్ముడూ, రైలు ఉద్యోగం ఒకసారి వదిలేస్తే మళ్లీ పిలిచి ఇచ్చే పుణ్యాత్ముడు ఉండడు. పాపకి ఇంకా పాలపళ్లు కూడా ఊడలేదు. అందుకని ముందు మా రోడ్డు సంగతి విను. ఆ తరువాత బావ చెప్పే మాట రాస్తాను.

నువ్వు కిందటిసారి వచ్చినప్పుడు రోడ్డు తవ్వుతుంటే చూసి, ఇంక మన ఊరు విజయనగరం అయిపోతాది అని మురిసిపోయావు. అవలేదు నాయనా. తవ్వారు, కంకర పోశారు, ఆ కంకర మీద మళ్లీ కంకర పోశారు. ఇప్పుడు రోడ్డు మన గుమ్మం కంటే ఎత్తు. రోడ్డు మీద నిలబడితే మన హోటలు పెంకులు కనిపిస్తాయి, గుమ్మం కనిపించదు. టీ తాగాలంటే గోతిలోకి దిగాలి. ముసలివాళ్లు దిగలేరు, దిగిన ఒకరిద్దరూ ఎక్కలేక నన్ను తిట్టి పోతారు. రోడ్డు నేనేమైనా వేయించానా?

వాన పడితే రోడ్డు మీది నీళ్లన్నీ మన పొయ్యిలోకే. ఎండ కాస్తే ఎర్రదుమ్ము. ఒకాయన పళ్లెం చూసి, 'ఏటమ్మా, కారప్పొడి ముందే సల్లేసినావా' అని అడిగాడు. ఇడ్లీ మీద పడినది కంకర దుమ్ము. నవ్వాలో ఏడవాలో తెలియక ఇంకో చెంచా చట్నీ వేశాను.

ఒక్క మన గోలే కాదు. బట్టల కొట్టు ఎల్లాజీ తెల్ల పంచెలు తానులకి తానులు ఎర్రబడిపోయాయి. 'ఇంక సన్నాసులకి కాసాయం అమ్ముకుంతాను, ఆళ్లయితే బేరం ఆడరు' అంటాడు. అంటాడు గానీ కొట్టు సగం తలుపే తీస్తున్నాడు. ఉప్పుచేపల మరిడమ్మ లేదూ, భీమిలి నుంచి గంప మోసుకుని వస్తుంది, సంతలో ఆమె కూర్చునే చోటంతా ఇప్పుడు కంకర గుట్ట. ఆ గుట్ట మీదే గంప పెట్టుకుని కూర్చుంటుంది. కింద నిలబడ్డవాళ్లకి చేప కనబడదు, వాసన ఒక్కటే. 'ఓలమ్మా, నాను సచ్చినాక నా బూడిద మీంచి ఏత్తారు కావాల ఈ రోడ్డు' అని కనబడ్డవాళ్లందరితోనూ అంటుంది.

ఎవరిని అడగాలో చెప్పు? మేస్త్రీని అడిగితే కాంట్రాక్టరుకి బిల్లు రాలేదంటాడు. ఆఫీసులో అడిగితే కాంట్రాక్టరు పని చేస్తేనే కదా బిల్లు అంటారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. వీధంతా సంతకాలు, వేలిముద్రలు వేసి విశాఖపట్నం పట్టుకెళ్లి అర్జీ ఇచ్చి వచ్చారు. కొన్నాళ్లకి ఒక కుర్ర ఆఫీసరు వచ్చాడు. టేపు పట్టి రోడ్డు కొలిచాడు, మన టీ తాగాడు, బాగుందన్నాడు. ఆ వారమంతా పండగలాగ ఉన్నాం. ఆ తరువాత రోలరు ఒకటి వచ్చింది. మన గుమ్మానికి ఎదురుగా వచ్చి చెడిపోయింది. దాని నీడన ఎవరిదో కోడి పొదిగి పిల్లల్ని కూడా చేసింది. రోలరు వల్ల ఈ ఊరికి జరిగిన మేలు అదొక్కటే.

అసలు బాధ ఇది కాదు. నీకు తెలియని సంగతి ఒకటుంది. రాయొద్దంటున్నారు మీ బావ. నేను రాస్తానన్నాను.

సాలూరు వైపు బళ్లు గురువారం సంతకి తెల్లవారేసరికి మన ఊరు చేరడం నీకు తెలుసు. చింతపండు, పసుపు, అడ్డాకులు వేసుకుని వస్తాయి. బళ్లవాళ్లకి దారంతా నిద్రే. ఎడ్లే దారి చూసుకుని వచ్చి మన కుడితి తొట్టి దగ్గర ఆగేవి. ఆగిన కుదుపుకి వాళ్లు లేచి, మొహం కడుక్కుని, ఇడ్లీ అనేవారు. మన బతుకంతా ఆ తొట్టి మీదే నడిచింది.

రోడ్డు తవ్విన కొత్తలో కూడా ఎడ్లు అలాగే వచ్చి గోతుల్లో దిగబడేవి. ఇరుసులు విరిగేవి, బళ్లవాళ్లు బూతులు తిట్టేవారు. బళ్లు ఇలా అడ్డం పడితే ఎప్పటికీ పని తెమలదని మేస్త్రీ విసుక్కున్నాడు. దాంతో మన వీధి పెద్దలందరూ కూడబలుక్కున్నారు. ఊరు రాకముందే, గెడ్డమలుపు దగ్గర, బళ్లని ఆ వాగు పక్క దారికి మళ్లించేద్దాం, రోడ్డు తొందరగా అయిపోతుంది, మన బళ్లు మళ్లీ మన దగ్గరికే వస్తాయి అనుకున్నారు. నిద్రపోయే మనుషులకి చెప్పి ఏం లాభం, చెప్పవలసింది ఎడ్లకి. ఎడ్లు మరి మీ బావ మాట వింటాయి, కుడితి పోసిన చెయ్యి కదా. ఆయనే ముందుకొచ్చారు.

గురువారం గురువారం చీకటితో లేచి ఉడికించిన ఉలవలు, బెల్లం ముక్కలు పట్టుకుని మలుపు దగ్గర నిలబడేవారు. ముకుతాడు పట్టుకుని కొత్త దారిలోకి నాలుగడుగులు నడిపించి, ఉలవలు తినిపించి, వీపు తట్టి పంపేవారు. ఇంటికొచ్చి, 'సూడే, పసిపిల్లల్లాగ నేర్సుకుంటన్నాయి' అని గొప్పగా చెప్పేవారు. ఆ ఉలవలు ఉడకబెట్టింది నేనే. కొంచెం ఉప్పు కూడా వేసేదాన్ని, ఎడ్లకి ఇష్టమని.

బాగానే నేర్చుకున్నాయి తమ్ముడూ. ఈ వేసవిలో రోడ్డు కొంత సాపు చేసి బళ్లు నడవొచ్చు అన్నారు. వీధికి మామిడి తోరణాలు కట్టాం. నేను రెండు గుండిగల పిండి రుబ్బాను. మీ బావ మళ్లీ ఉలవలు పట్టుకుని మలుపు దగ్గరకి వెళ్లారు, ఈసారి ఇటు తిప్పడానికి. ఎడ్లు ఆయన్ని చూశాయి. దగ్గరికి వచ్చాయి. ఉలవలు తిన్నాయి. తిని, ఆయన నేర్పిన పాఠం ప్రకారం గెడ్డ దారిలోకే నడిచిపోయాయి. ముకుతాడు పట్టి లాగితే మెడ బిగబట్టేశాయి. బండి ఎర్రన్న నిద్దర్లోంచి లేచి, 'బాబ్బాబు, లాగకు, కొమ్ము ఇసురుతాది. అలవాటైపోనాది, ఏటి సేత్తాం' అన్నాడట. అన్ని బళ్లూ అంతే. ఆ రోజు రెండు గుండిగల పిండీ పులిసిపోయింది.

మనుషులైతే బతిమాలుకోవచ్చు, తిట్టుకోవచ్చు. ఎడ్లకి అర్జీ ఎవరు పెడతారు? బళ్లు పోయిన దారినే సంత కూడా చాలావరకు పోయింది. బస్సు కూడా మలుపు దగ్గరే ఆగుతోంది. గంగులు అనే అతను అక్కడ పాక వేసి, తొట్టి కట్టి, హోటలు పెట్టాడు. ఇంతలో వానలొచ్చాయి. వేసిన తూములు చిన్నవైపోయాయని సాపు చేసిన రోడ్డు మళ్లీ తవ్వేశారు. మూలిగే నక్క మీద తాటిపండు అంటే ఇదే.

ఇదంతా చదివితే మీ బావ మొహం చిన్నబోయింది. 'అలగ రాయకు, గుంటడు బెంగెట్టుకుంతాడు. యాపారం కూసింత తగ్గినాది, అంతే అని రాయి' అంటున్నారు. సరే, వ్యాపారం కొంచెం తగ్గింది, అంతే. ఇంక ఆయన చెప్పే మాట ఆయన నోటివెంట వచ్చింది వచ్చినట్టు రాస్తున్నాను. 'రోడ్డన్నాక ఎప్పటికో అప్పటికి అవుతాది. ఇచ్చిన మాట మాటే. నువ్వూ, సెల్లీ, పాపా వచ్చీయండి. నాను తిన్న కంచంలో నీకు వాటా ఉన్నాది. బెంగెట్టుకోకు.'

రాశాను తమ్ముడూ. తాయారుకి నా ఆశీస్సులు, పాపకి ముద్దులు. ఖర్గపూర్‌లో చలి మొదలై ఉంటుంది, పాప చెవులకి గుడ్డ కట్టమని చెప్పు.

మీ బావ తరఫున, నా తరఫున,
నీ అప్ప,
చిన్నతల్లి

తా.క.

పైదంతా చదివి వినిపించాక, బాగుంది, అంటించు అని చెప్పి, తలకి తువ్వాలు చుట్టుకుని ఆయన వెళ్లిపోయారు. ఇది ఆయన వెళ్లాక రాస్తున్నాను. కవరు ఇంకా అంటించలేదు.

లక్ష్ముడూ, రావద్దు. నీకు దండం పెడతాను, రాజీనామా ఇవ్వొద్దు. ఇక్కడ కలవడానికి హోటలు లేదు. దసరాల తరువాత మన పొయ్యి వెలగలేదు. బల్లలు, గుండిగలు, రుబ్బురోలుతో సహా గంగులు పాకకి వెళ్లిపోయాయి. వాటి వెనకాలే మీ బావ కూడా వెళ్లారు. ఇప్పుడు వెళ్లింది అక్కడికే. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి పొలం గట్ల మీద నుంచి వెళ్తారు, వీధిలో నుంచి వెళ్తే ఎల్లాజీ చూస్తాడని. అక్కడ పిండి రుబ్బుతారు, గారెలు వేస్తారు. గారెలు వేసేవాళ్లు ముందర కూర్చోవాలి కదా, ఈయన మాత్రం తాటాకు తడిక వెనక పొయ్యి పెట్టించుకున్నారు. ఈ సంగతి మన పుట్టింటి వైపు తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఈరోజు ఆ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను, ఏ పాపం వస్తే నాకే రానీ.

గంగులు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే వాణ్ణి తిట్టుకుని బతికేదాన్ని. మరిడమ్మ అక్కడ టీ తాగడానికి ఆగి, చూసి వచ్చి నాకు చెప్పింది. బళ్లవాళ్లు మన బల్లల మీదే కూర్చుని, బంగారమ్మపేటలో హోటలు నాయుడు ఏటైపోనాడు అని అడిగారట. 'ఏటవుతాడు, బెమ్మాండంగా నడుపుతన్నాడు, రోడ్డయితే సూడండి మరి' అన్నాడట గంగులు. తడిక వెనక గారెలు వేసే చెయ్యి కాసేపు ఆగిందట. అంతే, మళ్లీ నూనె చప్పుడు వినబడిందట. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి, ఆకలి లేదని పడుకున్నారు. అడిగి ఏం చెయ్యగలను చెప్పు?

నిన్ను రమ్మన్నది పూర్తిగా అబద్ధమూ కాదు. నువ్వు నిజంగా వస్తే ఆయన తిన్న కంచంలో నీకు వాటా పెడతారు. పెట్టి, ఆయన తినడం మానేస్తారు. అది నేను చూడలేను.

నీ జవాబు ఆయన పేర రాయి. నేనే పైకి చదివి వినిపిస్తాను. ఇక్కడి సంగతి నీకు తెలిసినట్టు ఒక్క ముక్క కూడా ఉండకూడదు. జీతం పెంచారనో, తాయారుకి పల్లెటూరు గిట్టదనో, నీకు తోచిన అబద్ధం రాయి. హోటల్లో ఎంగిలి గ్లాసులు ఎవడు కడుగుతాడు బావా అని కూడా రాయి. కొంచెం గట్టిగానే రాయి, ఆయనకి నీ మీద కోపం రావాలి. రోడ్డుని తిట్టి, కాంట్రాక్టరుని తిట్టి, ఎడ్లని తిట్టలేక అలిసిపోయారు. రమ్మంటే రాలేదు నీ తమ్ముడు, పొగరెక్కినాది అని నన్ను నాలుగు రోజులు దెప్పనీ. దెప్పుతూనైనా రెండు ముద్దలు తింటారు.