మోతి ఒంటి మీది దూది

కొత్తవాడ

బిడ్డా శ్రీలతా, మీ హాస్టల్లో ఫోన్ ఇవ్వరు కాబట్టి కార్డు రాస్తున్నాను. నీ కుక్కపిల్ల మోతి బాగుంది, ఫికర్ పెట్టుకోకు.

చలి మొదలైన కాడినుంచి దాని ఒంటి నిండా తెల్లటి పొట్టు. మగ్గం మీది దూది అంటిందనుకుని మీ బాపు రోజూ వేడినీళ్లు పోసి, మన సబ్బుతో రుద్దాడు. రుద్దినకొద్దీ ఎక్కువైంది. పశువుల దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ ఒకటే నవ్వు. "అది దూది కాదన్నా, చలికి తోలు ఎండి రాలుతాంది. రోజూ తానం, మీ సబ్బు బంద్ చెయ్యుండ్రి. జర దువ్వుండ్రి" అన్నది. ఆమె ఇచ్చిన నూనె దాని అన్నంలో రెండు చుక్కలు కలుపుతున్నాం, తగ్గింది. తన తల ఏనాడూ దువ్వుకోని మీ బాపు, ఎండలో జంపఖానా పరిచి మరీ దాన్ని దువ్వుతున్నాడు!

నువ్వు వేళకు తింటున్నావా? పచ్చడి అయిపోయిందా? నీకూ నీ రూం పిల్లలకూ మా దీవెనలు.

మోతి పడుకునే నీ పాత స్వెటర్ నిండా పొట్టు ఉందని ఉతికాను. అప్పటి నుంచి వాసన చూసి పక్కకు పోతోంది. నువ్వు వేసుకున్న చున్నీ ఒకటి పంపు. బట్టలు ఉతుక్కోమని సతాయించే నేనే చెప్తున్నాను, ఉతకకుండా పంపు.

మీ అమ్మ,
వినోద