నేను ఓడిపోయిన ఎలక్షన్

రాములవ్వా, నేను ఓడిపోయాను! మన కొడుకు గంగాప్రసాద్ గెలిచాడు, నేను ఇంటికి వస్తున్నాను!

ఇక్కడ ఖతర్‌లో, స్టేడియం కట్టేవాళ్ల కష్టాలు చెప్పడానికి జిల్లాకొక లీడర్‌ని ఎన్నుకోమని మా బిర్కత్ అల్ అవామిర్ క్యాంపులో కంపెనీ ఎలక్షన్ పెట్టింది. గెలిచినవాడు వరల్డ్ కప్ అయ్యేదాకా ఊరికి పోవద్దట. మన జగిత్యాల సీటుకు కొడుకొక్కడే నిలబడ్డాడు. పోటీ లేకపోతే సీటు రద్దు అన్నారు. ఇంకేం చేస్తాను, వాడి మీద నేనే నిలబడ్డాను.

"నాకు ఓటెయ్యకుండ్రి, నాకు చెవులు వినవడయి" అని రూము రూముకూ తిరిగాను.

"ఇంత నిజం చెప్పే లీడర్ యాడ దొరుకుతడు కాకా? ఓటు నీకే!" అన్నారు.

గెలుస్తానేమోనని అన్నం సహించలేదు. నా ఓటు కూడా వాడికే వేసి, ఒక్క ఓటుతో బయటపడ్డాను.

గెలవగానే వాడు మేనేజర్‌కు చెప్పిన మొదటి కష్టం నేనే. "మా నాయన ముసలోడైండు, ఇంటికి పంపుండ్రి సార్."

"నీ మీద పోటీ చేసినాయనా? యల్లా, పద పద, వెంటనే పంపుదాం!" అన్నాడు మేనేజర్.

లచ్చవ్వక్కకు చెప్పు. కోరుట్ల రాజనర్సు బావకు చెప్పు. రాయికల్ వదినకు గట్టిగా చెప్పు, ఆమెకూ నాలాగే చెవుడు. కోడలు సుహాసినికి మాత్రం మొగుడు గెలిచాడని చెప్పి ఊరుకో. మిగతాది నేనొచ్చి చెప్తాను.