నల్లకాళ్ల పుంజును నీకే వండిపెట్టారు

అత్తా,

నువ్వు పోయి ఐదు నెలలు. ఎట్లున్నావని అడగను. నాకింకా కోపం తగ్గలేదు.

నీ పదకొండో దినంనాడు ఏం జరిగిందో తెలుసా? కాకి ముట్టాలని, పిట్టకు పెట్టడానికి నీకిష్టమైనవన్నీ సిద్ధం చేశారు. కల్లు తెచ్చారు, సర్వపిండి చేశారు. తర్వాత బాపు కోళ్లగూట్లో చెయ్యిపెట్టి నీ నల్లకాళ్ల పుంజును పట్టుకొచ్చాడు. "అక్కకు గిదంటే పానం. గిది గాక ఇంకేం పెడ్తం?" అన్నాడు. నేను అరిచేలోపే మెడ తెగింది.

ఎన్నేళ్లు పట్టింది అత్తా, అట్లాంటి పుంజు ఒక్కటి రావడానికి? గోరు దాకా నల్లటి కాళ్లు, బూడిదరంగు ఈకల మీద నల్లచుక్కలు. పసుపుకాళ్ల పిల్ల పుడితే, ఎంత ముద్దుగా ఉన్నా సంతకు పంపేదానివి. నేను ఎర్రతోక చూసి మురిస్తే కసిరేదానివి... "ఈకకేముందే, రాలితే కొత్తది వస్తది. కాలు సూడు. దాని తల్లి కాలు సూడు."

ఆ మాట బాపుకెందుకు చెప్పలేదు? పండగకు ఏ కోడిని కోయాలని అడిగితే "గది ముట్టకు" అనేదానివి, అంతే. గారాబం చేస్తున్నావనుకున్నాడు. సొంత తమ్ముడే కదా... కూర్చోబెట్టి చెబితే నీ సొమ్మేం పోయేది?

కాకి వచ్చి ముందు ఆ కూరే ముట్టింది. అందరూ దండం పెట్టారు. "సూసిండ్రా, అక్క మెచ్చింది" అని బాపు కండ్లు తుడుచుకున్నాడు. నువ్వు మెచ్చావా? నిజంగా?

ఆ వారంలోనే బ్లాకాఫీసు వాళ్లు ఊళ్లకు పంచే తెల్లపుంజు మనింటికీ వస్తుందన్నారు. పసుపుకాళ్లది. "మస్తు గుడ్లయితయ్ బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నాడు బాపు. అది మన పెట్టల్లో కలిస్తే నీ జాతి ఖతం. పుంజు పోయినా కొన్ని రోజుల దాకా పెట్టే గుడ్లు పిల్లలవుతాయని నువ్వే కదా అన్నావు... తెల్లది రాకముందే నల్లకాళ్ల పెట్టల గుడ్లన్నీ దొంగలా ఏరి, పొదుగుమీదున్న పెట్ట కింద పెట్టాను.

చాలా మురిగిపోయాయి. బతికినవాటిలో పుంజు ఒక్కటే. మొదట కాళ్లు తెల్లగా కనిపిస్తే ఏడ్చాను. ఇప్పుడు నల్లబడ్డాయి. ఈకల్లో కొంచెం ఎరుపుంది... తిట్టకు.

నిన్న బాపు దాన్ని ఎత్తి బరువు చూశాడు. "అచ్చం అక్క పుంజే. సంవత్సరీకానికి అందుతది" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. ఆ ప్రేమంటేనే నాకు మంట!

తల్లికాలు, తాతకాలు, అన్నీ విడమరిచి చెప్పాను. కాలేజీలో నేర్చుకున్నదీ చెప్పాను. "ఒక్క కోడికి గింత లొల్లా? గా కాళ్లను తింటమా?" అని నవ్వాడు. నీకైనా ఇదే మాట అనేవాడా?

కరీంనగర్‌లో పంతులమ్మ నౌకరీ దొరికింది నాకు. రేపు బస్సెక్కుతున్నా. గంపలో ఈ పుంజు, నీ పాత పెట్టలు రెండు. నేనద్దెకుండే ఇంటామె ఏమంటుందో... అననీ.

సంవత్సరీకానికి వస్తాను. నా చేత్తో బీరకాయ కూర వండిపెడతాను. అలిగితే అలుగు. కోడి మాత్రం పెట్టను.

నీ మేనకోడలు,
సుశీల